పెళ్లి క్యాసెట్టులో చిట్టి

ఆదివారం రాత్రి, సూర్యాపేట

చిట్టీ,

ఈరోజు కోదాడలో మీ మామ టీవీ, వీడియో డెక్కు కిరాయికి తెచ్చాడు. ముందు ఒక కొత్త సినిమా వేశారు. అందులో చచ్చిపోయిందనుకున్న పిల్ల, దవాఖానలో ఏదో మిషన్ పెట్టగానే కళ్లు తెరిచింది. అందరూ చప్పట్లు కొట్టారు. నిన్నూ దవాఖానకే ఎత్తుకుపోయాను కదా బిడ్డా. నాకు చేతులు లేవలేదు.

తరువాత మామ తన పెళ్లి క్యాసెట్టు పెట్టాడు. నీకు ఒక్క ఫోటో అన్నా తీయించలేదు. నువ్వు పోయాక నీ మొహం చూడడం ఇదే మొదలు. బంతిలో ఆకు ముందు కూర్చుని ముద్ద ఎత్తావు. అంతలో వీడియో తీసేటాయన పెద్ద లైటు నీ మీద వేశాడు. నువ్వు సిగ్గుపడి, ముద్ద ఆకులోనే పెట్టి తల దించుకున్నావు.

"మల్లొక్కసారి తిప్పు తమ్మీ, తింటదేమో సూస్త."

"ఎన్నిసార్లు తిప్పినా గంతే గదక్కా," అంటూనే మామ తిప్పాడు.

"రీలు తెగితే మా పెండ్లి ఖతమే వదినె!" అని మీ కొత్త అత్త నవ్వబోయి, నా మొహం చూసి ఊరుకుంది.

మళ్లీ ముద్ద ఎత్తావు. మళ్లీ పెట్టేశావు. లైటు పక్కకు పోయాక తిన్నావో లేదో... నేను ఆరోజు అవతలి బంతిలో వడ్డిస్తున్నాను.

ఇప్పుడు నీ మీద ఎవరూ లైటు వేయరు. సిగ్గుపడకు చిట్టీ, కడుపునిండా తిను.