సిలువ మీది దాహం

అక్కా,

నువ్వు పోయి ఇవాళ్టికి ఏడాది. ఇక్కడ సింగపూరులోనే, క్లెమెంటిలో జరిగే మన తెలుగువాళ్ళ ప్రార్థనకు అమ్మను తీసుకెళ్ళాను.

వైటూకే కంప్యూటర్ల పనిమీద హైదరాబాదు నుంచి వచ్చిన ఒకతను ఇప్పుడక్కడ బైబిలు చెబుతున్నాడు. అతని మీద నాకు మొదటినుంచీ అనుమానమే. మాటలు మరీ తియ్యగా ఉంటాయి. యేసు దేవుడే కానీ నిజంగా మనిషి కాదట, ఆ ఒళ్ళు ఉత్త వేషమట. ఆదిసంఘంలో ఈ తగువు వందల ఏళ్ళు నడిచిందనీ, ఆయన పూర్తిగా దేవుడూ పూర్తిగా మనిషీ అని పెద్దలు తేల్చారనీ నువ్వు సండేస్కూల్లో చెప్పేదానివి. ఆ పాత వాదాన్నే ఇతను కొత్తగా చెలామణీ చేస్తున్నాడు. అందరూ తలలూపుతున్నారు.

నలుగురిలో ఎప్పుడూ నోరు విప్పని అమ్మ అడిగింది. “సిలువ మీద దాహమన్నాడు కదా బాబూ?”

“దేవుడికి దాహమేంటి ఆంటీ? మనకోసం అలా అన్నాడంతే.”

“మా అమ్మాయి ఆఖరి రోజు నీళ్ళడిగింది. డాక్టర్లు ఇవ్వనివ్వలేదు. దాహమంటే తెలిసినవాడు దాని పక్కన ఉన్నాడనుకోబట్టే నేను ఆస్పత్రి నుంచి ఇంటికి రాగలిగాను. లేడంటావా?”

అమ్మ లేచి చెప్పులేసుకుంది.

ట్రైన్‌లో, వచ్చే ఆదివారం నుంచి ప్రార్థన మన ఫ్లాట్‌లోనే పెట్టుకుందామంది.

“ఎవరూ రాకపోతే?” అన్నాను.

“ఇద్దరం ఉన్నాంగా” అంది.

నీ తమ్ముడు