ఎన్ని అంతస్తుల ఊరు

పాప నాన్నగారికి,

నమస్కారం. నేను క్షేమంగా చేరి ఇరవై రోజులైంది. ఫోన్లో మాట్లాడుకుంటే రెండో నిమిషానికే మన గొంతులు లేస్తాయి, పక్కగదిలో పాప వింటుంది. అందుకే ఉత్తరం రాస్తున్నాను. ఇందులో అయితే నోరు జారినా కొట్టేసుకోవచ్చు.

నాకు రెండు చోట్ల పని దొరికేలా ఉంది. మొదటిది నేను దిగిన నగరం. ఇక్కడి ల్యాబులో రోజుకు నలభై సెట్ల కట్టుడు పళ్ళు తయారవుతాయి. ప్రస్తుతానికి అక్కడే తాత్కాలికంగా చేస్తున్నాను, నా వంతు పై పళ్ళకు మైనంతో చిగుళ్ళు దిద్దడం. కింది పళ్ళు ఎవరు చేస్తారో, ఆ నోరు ఎవరిదో నాకు తెలియదు. ఉంటున్న గది పద్నాలుగో అంతస్తులో ఉంది, కిటికీ తెరుచుకోదు. దగ్గర్లోని బడిలో పద్నాలుగు వందలమంది పిల్లలున్నారు.

రెండోది, రైల్లో నాలుగు గంటల దూరంలో ఉన్న చిన్న ఊరు. పోయిన శనివారం వెళ్ళి చూశాను. పళ్ళ డాక్టరమ్మ ఒక్కతే, ఆవిడకు సాయం నేనొక్కదాన్నే. బడి క్లినిక్ వెనక వీధిలో ఉంది. బెల్లు కొడితే నా బల్ల దగ్గరికి వినిపిస్తుంది. బడి మెట్ల మీద ఇద్దరు ఆడపిల్లలు ఒకరి బూట్లు ఒకరు తొడుక్కుని విరగబడి నవ్వుతున్నారు. మన పాప నవ్వు చూసి ఎన్నాళ్ళయిందో అనిపించింది.

ఆ చిన్న ఊరే ఖాయం చేసుకున్నాను. ఒకసారి వలస ఆఫీసులో ఊరి పేరు రాసిచ్చాక మూడేళ్ళదాకా మారడానికి ఉండదట.

పాప బడి సెలవులిచ్చేదాకా మీ దగ్గర ఉంటుందని, తర్వాత నా దగ్గరికి వస్తుందని విడాకులప్పుడు ఇద్దరం ఒప్పుకున్నదే. దేశం దాటించాలంటే మీ అనుమతి పత్రం కావాలి. దీంతోపాటు పంపుతున్నాను. రెండు చోట్ల సంతకం, నోటరీ ముద్ర. ఇక్కడి బళ్ళలో చేర్చుకోవడానికి గడువు వచ్చే నెల ఇరవయ్యో తేదీ. కలిసి ఉన్న రోజుల్లో వలసకు పెట్టుకున్న దరఖాస్తు కాబట్టి మీకూ ఇక్కడికి రావడానికి అనుమతి ఉంది. వస్తే ఎక్కడ ఉండాలన్నది మీ ఇష్టం.

ఇట్లు,
పాప అమ్మ


ప్రియమైన నీకు,

అలవాటుకొద్దీ అలా పడింది. కొట్టేసుకోవచ్చన్నావు గానీ చెయ్యి రాలేదు.

కోర్టు మెట్లు దిగిన రోజునుంచీ నన్ను ‘మీరు’ అంటున్నావు. ఆ మర్యాద నాకు చేతకాదు, ఏమీ అనుకోకు.

ఒక్క సంగతి అడుగుతాను. ఆ ఊళ్ళో అన్నిటికంటే ఎత్తైన భవనానికి ఎన్ని అంతస్తులు? బూట్లు మార్చుకున్న పిల్లల్ని కూడా చూసినదానివి, ఇది చూడకుండా వచ్చి ఉండవు. ఇరవై రెండేళ్ళుగా లిఫ్టులు బాగుచేసి బతుకుతున్నవాణ్ణి. లిఫ్టే లేని ఊళ్ళో నేనేం బాగుచెయ్యాలి, నిచ్చెనలా? ‘ఎక్కడ ఉండాలన్నది మీ ఇష్టం’ అని ఎంత తేలిగ్గా రాశావు! తలుపులన్నీ మూసేసి, ఏ తలుపులోంచి వస్తారో మీ ఇష్టం అన్నట్టుంది.

నిన్న పాప భోజనం చేస్తూ అడిగింది. “నాన్నా, అమ్మ వాళ్ళ ఊరికి నువ్వు రోజూ వస్తావా?”

“నగరంనుంచి రైల్లో నాలుగు గంటలమ్మా.”

“రానూపోనూ కలిపా?”

“కాదు, ఒక్క వైపే.”

వేళ్ళ మీద లెక్కపెట్టుకుంది. కంచంలో సగం వదిలేసి లేచిపోయింది.

కాగితం బీరువాలో పెట్టాను. సంతకం చెయ్యను. నగరంలో ఉంటానని రాయి, అదే రోజు చేస్తాను.

నేనే


పాప నాన్నకు,

అవును, లెక్కపెట్టాను. రైలు దిగగానే మొదట చూసింది అదే. ఆ ఊళ్ళో రెండంతస్తులు దాటిన ఇల్లు లేదు. చూసి గుండె కుదుటపడింది. ఒప్పుకున్నాను, చాలా?

ఎందుకో నీకు తెలియదా? విడిపోయాక ఆర్నెల్లపాటు, నీ వంతు కాని రోజుల్లో కూడా, సాయంత్రం నాలుగింటికల్లా పని వదిలేసి బడి ఎదురుగా వచ్చి నిలబడేవాడివి. గేటు ఇవతల నేను, రోడ్డుకు అవతల నువ్వు. పాప సంచి భుజాన వేసుకుని బయటికి వచ్చి, నన్ను చూసి, నిన్ను చూసి, కదలకుండా నిలబడిపోయేది. ఎవరి దగ్గరికి ముందు వెళ్ళినా ఇంకొకరి మొహం మాడుతుందని ఆ వయసుకే దానికి తెలిసిపోయింది. ఆ నెలల్లోనే కడుపునొప్పి మొదలైంది. డాక్టరు అన్నీ చూసి, “కడుపులో ఏమీ లేదమ్మా, ఇంట్లో ఏముంది?” అని అడిగాడు. ఏం చెప్పమంటావు?

వద్దని నీకు నాలుగుసార్లు చెప్పాను. “నా కూతుర్ని చూసుకోవడానికి నీ అనుమతి కావాలా?” అన్నావు. ఇప్పుడు అదే కూతురి కోసం నీ అనుమతి నేను అడుక్కుంటున్నాను.

నగరంలో అయితే మళ్ళీ అదే గేటు, అదే రోడ్డు. దేశం మారి లాభమేముంది? నాకు దూరం కావాలి. పాపకు ఇంకా ఎక్కువ కావాలి.

సంతకం పెట్టి పంపు. లేకపోతే వకీలుతో రాయిస్తాను. అక్కడిదాకా తీసుకెళ్ళకు.

పాప అమ్మ


ప్రియమైన నీకు,

మూడు వారాలు జవాబివ్వలేదు. మొదటి రెండు వారాలూ కోపంతో. మూడో వారం మాత్రం ఏం రాయాలో తెలియక.

వకీలు మాట చదివిన రోజు నాకు ఒళ్ళు మండింది. సరే, కోర్టులోనే తేల్చుకుందామని పోయిన ఆదివారం ఆ అనుమతి పత్రం కోసం బీరువా తీశాను. కాగితం అక్కడే ఉంది. కానీ సంతకం పెట్టి ఉంది.

నా పేరే. రెండు చోట్లా. గుండ్రటి అక్షరాలతో, నా సంతకం కింద ఉండే గీతతో సహా. మొదటి గీత వంకరపోయిందని రబ్బరుతో చెరిపి మళ్ళీ గీసినట్టుంది. అక్కడ కాగితం పలచబడి చిరిగింది.

పాపను పిలిచి అడిగాను. నా గొంతు పెద్దదై ఉంటుంది, గోడకు ఆనుకుని నిలబడింది.

“ఇది ఎవరు చేశారు?”

“నేనే.”

“ఎందుకు?”

“నువ్వు పెట్టకపోతే అమ్మ ఏడుస్తుంది. నువ్వు పెడితే నువ్వు ఏడుస్తావు. నేను పెడితే ఎవరికీ ఏమీ కాదు కదా నాన్నా.”

తర్వాత మెల్లగా, “పోలీసులు పట్టుకుంటారా?” అని అడిగింది.

ఎనిమిదేళ్ళ పిల్ల. ఇద్దరు పెద్దవాళ్ళం మోయలేనిది దాని నెత్తిన పెట్టాం. లిఫ్టులో బరువు ఎక్కువైతే గంట మోగుతుంది, తలుపు మూసుకోదు, ఎవరో ఒకరు దిగాల్సిందే. మనింట్లో గంట ఎన్నాళ్ళుగా మోగుతోందో మరి. ఆ పనిలో తల నెరిసినవాణ్ణి, నాకే వినపడలేదు.

ఆ కాగితం పనికిరాదు. కొత్తది పంపు. ఊరి పేరు నువ్వు ఏది రాస్తే అది. ఇరవయ్యో తేదీ దగ్గర పడుతోంది, కొరియర్లో పంపు.

నేనే


పాప నాన్నకు,

నీ ఉత్తరం ల్యాబులో నా బల్ల దగ్గరే చదివాను. చదువుతుండగా దీపం మీద పెట్టిన మైనం మాడిపోయి గదంతా పొగ. పక్క బల్లమ్మాయి కిటికీ వైపు పరుగెత్తి, తెరుచుకోదని గుర్తొచ్చి తిట్టుకుంది. నాకు మాత్రం చెరిపి మళ్ళీ గీసిన ఆ గీతే కళ్ళ ముందు ఆడుతోంది.

మర్నాడు సెలవు పెట్టి రైలెక్కాను. మూడో ఊరు ఒకటి చూశాను. నగరానికి గంట దూరం. చిన్నదీ కాదు, పెద్దదీ కాదు. వీధి వీధీ తిరిగి లిఫ్టులు లెక్కపెట్టాను. ఆసుపత్రిలో నాలుగు, హోటల్లో రెండు, సామాన్ల కొట్లో బరువులు మోసేది ఒకటి. అది పైకి వెళ్ళినప్పుడల్లా కీచుమంటోంది. కొట్టువాడు నన్ను చూసి, “ఏం కావాలమ్మా?” అని మూడుసార్లు అడిగాడు. లిఫ్టు చూడ్డానికి వచ్చానని ఎలా చెప్పను? ఒక గరిట కొనుక్కుని బయటపడ్డాను.

ఏడు. ఒక మనిషికి సరిపోతాయో లేదో నాకు తెలియదు.

అక్కడ ముగ్గురు డాక్టర్లున్న క్లినిక్కులో నాకు పనిచ్చారు. పనిచేసే గది నేలమాళిగలో ఉంది, వెలుతురు తక్కువ. చిన్న ఊరి డాక్టరమ్మకు రాలేనని చెప్పి రెండుసార్లు క్షమించమన్నాను. అక్కడి బడి హెడ్‌మాస్టరమ్మ ఇరవయ్యో తేదీ దాటినా నీ కాగితం కోసం ఇంకో పదిరోజులు ఆగుతానంది. అంతకు మించి ఆగదట, వెనక పిల్లలున్నారు.

ఊరి పేరు రాసిచ్చేశాను. నువ్వూ ఆ ఊరే రావచ్చు. ఈసారి రోడ్డు అవతల నిలబడొద్దు. లోపలికి వచ్చి కూర్చో, పాప వచ్చేదాకా.

కొత్త పత్రం ఇందులో ఉంది.

పాప అమ్మ


పాప అమ్మకు,

సంతకాలు పెట్టాను. నోటరీ ఆఫీసుకు పాపను కూడా బడి మానిపించి తీసుకెళ్ళాను. కుర్చీ ఎక్కి నిలబడి రెండు సంతకాలూ పరీక్షగా చూసింది. “నాకంటే నువ్వే బాగా పెట్టావు నాన్నా,” అంది. ముద్ర వేసే ఆయన విషయం తెలియక నవ్వాడు. పత్రం ఈ కవర్లోనే ఉంది, గడువులోపు నీ చేతికి అందుతుంది.

నువ్వు లెక్కపెట్టిన ఏడు లిఫ్టుల గురించి చాలాసేపు ఆలోచించాను. ఏడు చాలు. హాయిగా బతకొచ్చు. అయినా ఆ ఊరికి నేను రావడం లేదు.

కోపంతో కాదు. బడి ఎదురుగా ఆర్నెల్లు నిలబడ్డానని రాశావు. కూతుర్ని చూసుకోవడానికి అని నీతోనే కాదు, నాతో నేను కూడా అదే చెప్పుకున్నాను. నిన్న నోటరీ ఆఫీసునుంచి నడిచి వస్తుంటే దారిలో ఆ బడి తగిలింది. నాలుగింటికి గేటు తెరిచారు. నేను ఆగిపోయి ఎవరి కోసం చూస్తున్నానో తెలుసా? పాప నా చెయ్యి పట్టుకునే ఉంది.

నేను చూసింది నీ కోసం. ఆ ఆర్నెల్లూ అంతే. పాప పేరు చెప్పి నీ కోసం వచ్చాను. దాని కడుపునొప్పికి నేనే కారణం. ఈ మాట కోర్టులో చెప్పి ఉంటే బాగుండేది, అప్పుడు నాకే తెలియదు.

నువ్వు లోపలికి వచ్చి కూర్చోమన్నావు. వస్తే మళ్ళీ లేవలేను. అందుకే నగరంలో పని ఒప్పుకున్నాను. ఒక లిఫ్టుల కంపెనీ నా కాగితాలు చూసి రమ్మంది. గంట దూరం. నాలుగు గంటలైతే ఓర్చుకోలేను, నాలుగు వీధులైతే నిలబడకుండా ఉండలేను. గంట సరిపోతుంది. వారానికి రెండు రోజులు పాప నా దగ్గర ఉంటుంది. స్టేషనుకు నువ్వు తీసుకురా, ప్లాట్‌ఫారం మీద దాని చెయ్యి నేను అందుకుంటాను. అంతవరకే.

వచ్చే నెల ఐదో తేదీన ఇద్దరం బయల్దేరుతున్నాం. పాప పెట్టె తనే సర్దుకుంటోంది. ఇప్పుడే వచ్చి, “నాన్నా, అక్కడ నా మంచం ఎవరింట్లో ఉంటుంది?” అని అడిగింది.

రెండిళ్ళలోనూ ఒక్కోటి ఉంటుందని చెప్పాను. నువ్వూ అదే మాట చెప్తావో లేదో కనుక్కోమంటోంది. కలం కదలనివ్వకుండా పక్కనే నిలబడింది. జవాబు తనకే రాయి.

పాప నాన్న