పండగనాడు సగమే

సెప్టెంబర్ 9, 2007. ఆదివారం

బాపట్ల ట్రైనింగ్ అయిపోయింది. నర్సు నాగమల్లేశ్వరి గారు రబ్బరు బొమ్మను పడుకోబెట్టి నేర్పించారు. మత్తు సూదిమందు మోతాదు మించితే మనిషి గురక పెడతాడు, పెదాలు నల్లబడతాయి, ఊపిరి ఆగుతుంది. ముక్కు మూసి నోట్లో ఊదాలి. తొడ కండలో విరుగుడు మందు నాలోక్సోన్ ఇవ్వాలి. లేచాక కూడా వదలకూడదు, మళ్లీ మత్తు కమ్ముతుంది.

బొమ్మకు నోరు ఆనించడానికి కూడా సిగ్గుపడ్డాను. తమ్ముడు జానీ బాషా ముఖం తలుచుకున్నాను. సిగ్గు పోయింది.

సెప్టెంబర్ 13

తెనాలిలో రంజాన్ నెలవంక కనిపించింది. ఆపా, ఈ నెలంతా సూది ముట్టను, అల్లా మీద ఒట్టు అన్నాడు జానీ. ప్రతి ఏడూ అదే ఒట్టు. నిలబెట్టుకుంటాడు కూడా. పండగ రోజు మళ్లీ మొదలు. మరదలు అఫ్రోజ్ సంతోషంతో ఏడ్చింది.

నాకు భయమేసింది. నెల మానిన ఒళ్లు పాత డోసుకు తట్టుకోదని నర్సు గారు చెప్పారు. పోయిన పండగకి స్టేషన్ వెనక చనిపోయినవాడూ నెలంతా ఉపవాసం ఉన్నవాడే.

సెప్టెంబర్ 22

మసీదు వెనక గదిలో సూది వేసుకునేవాళ్లకు క్లాసు. బొమ్మ లేదు కాబట్టి ఇమ్రాన్ పడుకున్నాడు. రేపల్లె పాసింజర్లో దువ్వెనలు, పిన్నీసులు అమ్ముతాడు. నేను వంగగానే గురక పెట్టి, ఖాలా, ఊదడం ఎందుకండి, బిర్యానీ వాసన చూపించండి, నేనే లేస్తా అన్నాడు. నాకూ నవ్వొచ్చింది.

గాజు ఆంపుల్ విరిచి సిరంజిలోకి మందు ఎక్కించడం మాత్రం వాడికే అందరికన్నా బాగా వచ్చింది.

చివర్లో ఒకటి చెప్పాను. మానేస్తే అల్లా దయ. మానలేకపోతే పండగనాడు సగమే. ఒంటరిగా వద్దు.

సెప్టెంబర్ 28. శుక్రవారం

మసీదు కమిటీ పెద్దాయన పిలిపించారు. పండగనాడు సగం వేసుకోమని చెప్తున్నావంట, హరామ్‌కి కొలత నేర్పుతున్నావా హుస్సేన్ బీ అన్నారు.

పెద్దవాళ్ల ముందు నా గొంతు లేవదు. అయినా నెమ్మదిగా చెప్పాను. పోయిన పండగకి స్టేషన్ వెనక పోయిన అబ్బాయి జనాజా నమాజు మీరే చదివించారండి, ఈ పండగకి ఇంకొకటి చదివించకండి అని.

గదికి తాళం వేయించారు.

సెప్టెంబర్ 29

మా ఇంటికి అరుగు ఉంది. దానికి తాళం ఉండదు.

అక్టోబర్ 14. రంజాన్ పండగ

ఉదయం జానీ వచ్చి సేమ్యా తాగాడు. సగం మాట గుర్తుందా అంటే, పండగపూట కూడా క్లాసేంటి ఆపా అని నవ్వాడు.

సాయంత్రం అసర్ నమాజు వేళకు అఫ్రోజ్ అరుపు. ఖురాన్ పక్కన పెట్టుకున్న ఆంపుల్, సిరంజి పట్టుకుని పరిగెత్తాను.

జానీని అప్పటికే మక్కా ఉన్న కిబ్లా వైపు తిప్పి పడుకోబెట్టారు. పెదాలు నేరేడుపండు రంగు. అఫ్రోజ్ చెంచాతో తేనెనీళ్లు పోస్తోంది. పోయేవాళ్లకు చేసేవన్నీ చేసేస్తున్నారు. చెంచా లాగి విసిరేశాను. వాడింకా పోలేదు, ఆ నీళ్లే వాడి ఊపిరి ఆపుతాయి అని అరిచాను. అది నా గొంతేనా అనిపించింది.

పండగ పలకరింపుకొచ్చిన ఇమ్రాన్ గుమ్మంలో ఉన్నాడు. ఆ సూదోణ్ణి లోపలికి రానిస్తారేంట్రా అని ఎవరో అన్నారు. నేను రానిచ్చాను. నా చేతిలోని ఆంపుల్ తీసుకుని విరిచి, సిరంజిలోకి ఎక్కించి, ప్యాంటు మీద నుంచే జానీ తొడలో పొడిచాడు. నేను ఊదుతూనే ఉన్నాను.

పెద్దాయన వచ్చారు. పెద్దదానివి, తమ్ముడి చెవిలో ఆఖరి కలిమా చదువు అన్నారు. మళ్లీ అన్నారు. నా నోరు ఖాళీగా లేదు.

జానీ దగ్గాడు. కళ్లు తెరిచి, మత్తంతా పాడుచేసిందెవడ్రా అని బూతులు తిట్టాడు. అల్‌హందులిల్లా అన్నాను. పక్కన పెద్దాయన కూడా అన్నారు, మెల్లగా.

మళ్లీ మత్తు కమ్ముతుందని ఆటోలో ఆస్పత్రికి తీసుకెళ్లాం. సగం ఎందుకు వేసుకోలేదురా అంటే, ఏడాదికొక్క పండగ, దానికి సగమేంటి అనుకున్నానన్నాడు. కొట్టాలనిపించింది. చెయ్యి పట్టుకుని కూర్చున్నాను.

అక్టోబర్ 20

గదికి తాళం అలాగే ఉంది. అరుగు మీద క్లాసు. జానీ వచ్చాడు. ఇవాళ బొమ్మ నేనే అన్నాడు.

పడుకోమన్నాను. కళ్లు మాత్రం మూయొద్దన్నాను.