తెరిచి ఉంచిన స్క్రీన్

ఫిబ్రవరి 3, సోమవారం

ఖుర్షిదా గారు ఫోన్ చేసి తిట్టారు. నిజంగానే తిట్టారు. ఆవిడ అద్దంకిలో ఆడవాళ్ళ సలహా కేంద్రం నడుపుతారు. ఇంట్లో దెబ్బలు తిని వచ్చేవాళ్ళ వివరాలు రాసుకునే సాఫ్ట్‌వేర్ మా ఆఫీసే చేసిచ్చింది. మా ఆఫీసంటే గుంటూరు అరండల్‌పేటలో మెడికల్ షాపు పైన రెండు గదులు. రామకాంత్ గారు ఓనరు. కోడ్ అంతా నాదే.

పది నిమిషాలు ఎవరూ ఏమీ నొక్కకపోతే లాగిన్ పోతుంది. నేనే అలా పెట్టాను. ఇవాళ ఒకామె వచ్చిందట. సగం చెప్పి ఏడుపు ఆపుకోలేకపోయింది. ఖుర్షిదా గారు కీబోర్డు వదిలేసి ఆమె చెయ్యి పట్టుకుని కూర్చున్నారు. ఆమె తేరుకున్నాక మిగతాది టైప్ చేసి సేవ్ కొడితే లాగిన్ పేజీ వచ్చింది. రాసిందంతా పోయింది. మళ్ళీ మొదట్నుంచి చెప్పమ్మా అంటే ఆమె చెంగు సర్దుకుని లేచి వెళ్ళిపోయిందట.

మీ కంప్యూటర్‌కి మనుషులు ఏడుస్తారని తెలీదా అమ్మా అని అడిగారు. ఆ టైము పెంచమన్నారు. సారీ మేడమ్ అన్నాను. ఇంకేమంటాను?

ఫిబ్రవరి 4

ఏం చెయ్యాలో నాకు తెలుసు. టైప్ చేస్తున్నది చేస్తున్నట్టే డ్రాఫ్ట్‌గా సేవ్ అవ్వాలి. కాసేపు ఎవరూ ముట్టుకోకపోతే స్క్రీన్ మూసుకుపోయి పిన్ అడగాలి. పిన్ కొడితే ఆగిన చోటు నుంచే రావాలి. రాసిందీ పోదు, పక్కవాళ్ళూ చూడలేరు. రెండు మూడు రోజుల పని.

కానీ కాలేజీ వాళ్ళ అడ్మిషన్ సైట్ శుక్రవారానికి ఇచ్చెయ్యాలి. రామకాంత్ గారు దానికోసం నా నెత్తి మీద కూర్చున్నారు. అద్దంకిది ఇవాళే ఏదో ఒకటి చేసి పడెయ్ రాగసుధా అన్నారు. చేసి పడేశాను. పది నిమిషాలున్న చోట పన్నెండు గంటలు పెట్టాను. టీ చల్లారేలోపు అయిపోయింది. పిన్ లాక్ తర్వాత చెయ్యాలి అని పక్కన ఒక కామెంట్ రాసుకున్నాను.

ఫిబ్రవరి 5

ఖుర్షిదా గారి వాయిస్ మెసేజ్. పొద్దున తెరిస్తే సాయంత్రం దాకా ఉంటోంది, నువ్వు చల్లగా ఉండు తల్లీ అని. రెండుసార్లు విన్నాను.

ఫిబ్రవరి 13

ప్రింటర్ పనిచెయ్యడం లేదంటే అద్దంకి వెళ్ళాను. చిలకలూరిపేట దాటాక రోడ్డు పక్క కల్లాల్లో మిరపకాయలు ఆరబోశారు. బస్సులో సగం మంది తుమ్ములే.

కేంద్రం నేను అనుకున్నట్టు లేదు. నా మనసులో తలుపున్న గది ఒకటి ఉండేది, అందులో ఒక్కావిడే కూర్చుని టైప్ చేస్తున్నట్టు. ఇక్కడ ముందు గదిలోనే కంప్యూటర్. దాని పక్కనే బెంచీ. కష్టం చెప్పుకోవడానికి వచ్చినవాళ్ళు, రాజీకి వచ్చిన మొగుళ్ళు, అత్తలు, అందరూ ఆ బెంచీ మీదే. కోటేశ్వరమ్మ అని సాయానికి ఉండే ఆవిడ టీలు ఇస్తూ, ఊడుస్తూ, వచ్చినవాళ్ళ పిల్లల్ని ఆడిస్తూ తిరుగుతోంది.

ఖుర్షిదా గారు ఎవరికో మంచినీళ్ళు తేవడానికి లేచారు. స్క్రీన్ అలాగే ఉంది. పేరు, ఊరు, ఇప్పుడు ఎక్కడ ఉంటోంది, పిల్లలు ఏ బడి, అన్నీ. లేచేటప్పుడు లాగౌట్ కొట్టండి మేడమ్ అన్నాను. పొద్దుట్నుంచి ఎన్నిసార్లు లేస్తానో నీకేం తెలుసు అని నవ్వారు. నేనూ నవ్వాను.

మధ్యాహ్నం కోటిరత్నం అనే అమ్మాయి వచ్చింది. ముఖానికి చున్నీ చుట్టుకుని, ఆరేళ్ళ కూతుర్ని వెంటబెట్టుకుని. మొగుడు వాతలు పెట్టాడని పోయినేడు ఇల్లు వదిలి వచ్చేసిందట. అతనిది ఇక్కడికి దగ్గర్లో పల్లె. ఈమెని ఖుర్షిదా గారు చీరాలలో ఒక ఇంట్లో పెట్టారు, చీరల షాపులో పని ఇప్పించారు. మడతలు పెట్టడంలో నాకంటే స్పీడు ఎవురూ లేరక్కా అని నాతో గొప్పలు చెప్పింది. మొగుడి మాట ఎత్తలేదు. కూతురు కోటేశ్వరమ్మ ఒళ్ళోంచి దిగలేదు.

ఫిబ్రవరి 26

శివరాత్రి. కోటప్పకొండ దారిలో ప్రభల వెనక ఇరుక్కుని పొద్దంతా పోయింది. పిన్ లాక్ ఇంకా మొదలుపెట్టలేదు. పండగ పూట అదెందుకు గుర్తొచ్చిందో.

మార్చి 6

కోటిరత్నం కూతుర్ని తండ్రి ఎత్తుకుపోయాడు. చీరాలలో, బడి గేటు దగ్గర. సాయంత్రం ఆమెకి ఫోన్ చేశాడట, పిల్ల కావాలంటే ఇంటికి రా అని. ఎవరికీ చెప్పకుండా బస్సెక్కి వెళ్ళిపోయింది.

ఖుర్షిదా గారి గొంతు అంత నెమ్మదిగా ఎప్పుడూ వినలేదు. ఆ ఇల్లు, ఆ బడి బయటివాళ్ళకి తెలిసే వీల్లేదు అన్నారు. కోటేశ్వరమ్మది ఆ మొగుడి పక్క ఊరే, ఆమే చెప్పి ఉంటుంది అన్నారు. వీధిలో అందరి ముందూ నిలదీశారట. రేపట్నుంచి రావొద్దన్నారట.



మార్చి 7

సిస్టమ్‌లో చూశాను. సోమవారం మధ్యాహ్నం ఎవరో కోటిరత్నం పేజీ తెరిచారు. లాగిన్ ఖుర్షిదా గారిది. ఆ టైముకి కోర్టులో ఉంటానని ఆవిడ ముందే నాతో అన్నారు.

ఫోన్ చేసి మామూలుగా అడిగినట్టే అడిగాను, ఆ రోజు ఎవరైనా వచ్చారా అని. కోటిరత్నం ఆడబిడ్డ మొగుడు రాజీ మాటలకని వచ్చాడట. కోటేశ్వరమ్మ అతన్ని కూర్చోబెట్టి టీ తేవడానికి వీధి చివరికి వెళ్ళింది. ఆ టీ ఇచ్చేటప్పుడే చెప్పేసి ఉంటుంది అన్నారు ఖుర్షిదా గారు.

గదిలో అతనొక్కడూ, తెరిచి ఉన్న స్క్రీనూ. నాకు కళ్ళకు కట్టినట్టు కనిపిస్తోంది. ఆ కుర్చీ, ఆ బెంచీ నేను చూసినవే. నా పాత పది నిమిషాలు ఉండి ఉంటే అతనికి లాగిన్ పేజీ కనిపించేది.

ఫోన్‌లో మాత్రం అవునా మేడమ్ అన్నాను. అంతే.

రామకాంత్ గారికి చెప్పాను. మన తప్పేముంది, వాళ్ళే పెంచమన్నారు, లాగౌట్ కొట్టమని నువ్వు చెప్పావు కూడా, ఇప్పుడు పోయి తగిలించుకోకు అన్నారు. ఆయన చెప్పిందాంట్లో ఒక్క అబద్ధం లేదు. అందుకే ఒళ్ళు మండింది.

మార్చి 9, ఆదివారం

కూర్చుని చేసేశాను. డ్రాఫ్ట్ దానంతటదే సేవ్ అవుతోంది. ఐదు నిమిషాలకి స్క్రీన్ మూసుకుని పిన్ అడుగుతోంది. పిన్ కొడితే ఆగిన మాట దగ్గరే కర్సర్ మెరుస్తోంది. ఎంత బాగుందో. నిన్నా ఇవాళా, రెండు రోజులు కూడా పూర్తిగా పట్టలేదు.

ఇంత చిన్న పనా!

మార్చి 11

సెలవు పెట్టి అద్దంకి వెళ్ళాను. బస్సులో చెప్పాల్సిన మాటలు పేర్చుకున్నాను. ఎలా పేర్చినా చివరికి నా దగ్గరికే వచ్చాయి.

జరిగిందంతా చెప్పాక ఖుర్షిదా గారు అరుస్తారనుకున్నాను. అరవలేదు. నేను ఫోన్ చేసి తిట్టిన రోజే ఈ పిన్ సంగతి నీకు తెలుసా అని అడిగారు. తెలుసన్నాను. మరి చెప్పలేదేం అన్నారు. చెబితే చెయ్యాల్సి వస్తుందని, అన్నాను. ఇంతవరకు నాకు నేను కూడా ఆ మాట చెప్పుకోలేదు.

ఆవిడ కంప్యూటర్ వైపు చూసి, నేనూ లాగౌట్ కొట్టలేదు కదా అన్నారు. ఆ మాటకి నాకు ప్రాణం లేచొచ్చింది. అలా లేచొచ్చినందుకు సిగ్గేసింది.

ఇద్దరం కోటేశ్వరమ్మ కోసం వెళ్ళాం. ఊరి చివర షెడ్డులో ఆడకూలీల మధ్య కూర్చుని మిరపకాయలకి తొడిమలు తీస్తోంది. ఒక్కసారి ఇలా రా అని ఖుర్షిదా గారు పిలిస్తే లేవలేదు. నన్ను అందరి ముందూ అన్నారు కదా మేడమ్ గారూ, ఆ చెప్పేదేదో ఇక్కడే చెప్పండి అంది.

నేను చెప్పాను. సెషన్ అన్నాను, లాగిన్ అన్నాను. ఎవరికీ అర్థం కాలేదు. అందరూ నా మొహం చూస్తున్నారు. చివరికి, ఆ గదికి తాళం వేసే పని నాది, బద్ధకించి వెయ్యలేదు, వాడు లోపలికొచ్చి చూసుకుపోయాడు, ఈమె ఎవరికీ ఏమీ చెప్పలేదు అన్నాను. ఒక ముసలావిడ, తాళం నీ దగ్గరే ఉందా అని అడిగింది. ఉందన్నాను. ఆవిడ ఇంకో గుప్పెడు కాయలు ముందుకు లాక్కుంది.

ఖుర్షిదా గారు తప్పైపోయింది కోటేశ్వరమ్మా అన్నారు. ఆమె చేతిలో కాయ తొడిమ తీసేసి, పిల్ల ఎట్టా ఉందంట అని మాత్రం అడిగింది. మాకు తెలీదు.

మార్చి 12

క్లయింటుకి మనంతట మనమే తప్పు ఒప్పుకుంటామా అన్నారు రామకాంత్ గారు. ఆ తర్వాత రోజంతా నాతో మాట్లాడలేదు.

మార్చి 18

ఖుర్షిదా గారు లేడీ కానిస్టేబుల్‌ని తీసుకుని ఆ పల్లెకి వెళ్ళారు. నేనూ వస్తానంటే వద్దన్నారు. నీకు చూడాలని ఉంది, సరే, నిన్ను చూస్తే ఆ అమ్మాయికేంటి లాభం అన్నారు.

కోటిరత్నం అత్త పక్కనే నిలబడి, నా ఇష్టంతోనే వచ్చాను అందట. ఎడం చెంప వాచి ఉందట. పిల్ల తల్లి చీర కుచ్చిళ్ళు వదలకుండా నిలబడిందట. ఆమె అలా అన్నాక కానిస్టేబుల్ చెయ్యగలిగింది ఏమీ లేదు. తిరిగొచ్చేశారు.

కోటేశ్వరమ్మ పనిలోకి వచ్చిందట. టీ మాత్రం తేనంటోందట. మనిషిని ఒక్కణ్ణీ వదిలి గుమ్మం దాటదట.

ఏప్రిల్ 8

కోటిరత్నం పిల్లని తీసుకుని వెళ్ళిపోయింది! మూడు రోజులైందట. మొగుడూ వాళ్ళూ కేంద్రం మీదికి వచ్చి కేకలు వేశారట. మాకు తెలీదయ్యా అంటే నమ్మలేదు. ఖుర్షిదా గారికి నిజంగానే తెలీదు. ఈసారి కేంద్రానికి రాలేదు.

ఇవాళ పొద్దున కొత్త నంబర్ నుంచి ఆవిడకి ఫోన్ చేసిందట. పని దొరికింది, పిల్ల బాగుంది అంది. ఎక్కడున్నావమ్మా అని అడగబోతే, అడగొద్దు మేడమ్, చెబితే మీరు రాసుకుంటారు అని పెట్టేసింది.

ఖుర్షిదా గారు నవ్వుతూనే చెప్పారు. బతికిపోయింది, అది చాలు అన్నారు. నాకూ సంతోషమే. మెట్ల మీద కూర్చుని కాసేపు ఏడ్చాను కూడా. కానీ ఆ అమ్మాయి భయపడుతున్న వాటిల్లో మొగుడి పక్కన మేమూ ఉన్నాం. అది మాత్రం మింగుడు పడడం లేదు.

ఏప్రిల్ 10

కోటిరత్నం పేజీలో అడ్రస్ ఖాళీగా వదిలితే సేవ్ కావడం లేదని ఖుర్షిదా గారు ఫోన్ చేశారు. మార్చాను. ఇప్పుడు అవుతోంది.