పాస్టరమ్మగారి చెప్పు

జులై 4, శుక్రవారం

పరువు తీసింది ఈ కుక్క. సాయంత్రం మా ఇంట్లో కూడిక. ముప్పై మంది. గుమ్మం బయట ముప్పై జతల చెప్పులు. అందరం కళ్లు మూసుకుని ప్రార్థనలో ఉండగా చంటిగాడు గొళ్లెం పడని పెరటి తలుపు తోసుకుని వచ్చి పాస్టరమ్మగారి చెప్పు ఎత్తుకుపోయాడు. కొత్తది. ఆవిడ నా చెప్పులు వేసుకుని వెళ్లారు. "పర్లేదమ్మా, మూగజీవం..." ఆ నవ్వు చూడలేకపోయాను.

అందరి ముందే అనేశాను — ఇంకొక్క తప్పు చేస్తే వీణ్ణి కొల్లిపరలో బావగారి తోటకి పంపేస్తానని. అత్తయ్య లేచి పెరట్లోకి వెళ్లిపోయింది.

జులై 5, శనివారం

పొద్దున్నే అత్తయ్య చెప్పు వెతికి తెచ్చింది. పట్టీ తెగి ఉంది. ఎడమ చేత్తో ఇచ్చింది, కుడి చేతి మీద చెంగు కప్పుకుని.

గొళ్లెం సంగతి మా ఆయనకి ఎన్నోసారి చెప్పడం? నవ్వుతారు.

జులై 6, ఆదివారం



గుడిలో ఆరాధన ముగించుకుని వచ్చి భోజనానికి కూర్చున్నాం. చేపల పులుసు. అత్తయ్య స్పూను అడిగింది. పదకొండేళ్లలో ఈవిడ స్పూనుతో అన్నం తినడం చూడలేదు. చెయ్యి లాగి చూశాను. బొటనవేలి కింద రెండు గాట్లు. పసుపూ కాఫీ పొడీ దట్టించి ఉన్నాయి. చంటిగాడి నోట్లోంచి చెప్పు లాగబోతే కరిచాడట. నిన్న!

"చెప్తే వాణ్ణి కొల్లిపర పంపించేస్తావుగా అమ్మాయ్..."

కుళాయి కింద పెట్టి సబ్బుతో పావుగంట కడిగాను. తిడుతూ, ఏడుస్తూ. ఆటోలో పెద్దాసుపత్రికి. నర్సు కూడా తిట్టింది — "పసుపు పెట్టారేంటమ్మా? కరవగానే కడుక్కుని రావాలండి." గాయం చుట్టూ ఒక ఇంజెక్షన్, భుజానికి ఇంకొకటి. కుక్కని పది రోజులు కట్టేసి చూడాలి. తిండి మానేసినా, తేడాగా ఉన్నా వెంటనే చెప్పాలి. దానికి టీకా వేయించారా అని అడిగింది.

"వేయించామండి" అన్నాను గట్టిగా.

ఇంటికొచ్చి కార్డు తీశాను. పిల్లప్పటి టీకా ఒక్కటే. తర్వాత రెండేళ్ల గడులూ ఖాళీ. ఏటా తీసుకెళ్లానని ఈయన నాతో చెప్పిందంతా అబద్ధం.

జులై 7

ఆయనకి క్యారేజీ కట్టలేదు. ఆఫీసు రేపల్లెలోనేగా, అక్కడే తినమను.

జులై 8

గొళ్లెం మార్చారు. ఇప్పుడు!

జులై 9, బుధవారం

అత్తయ్యకి రెండో ఇంజెక్షన్. ఆటోలో ఆయన నోరు విప్పారు. "నిరుడు టీకాకి బయల్దేరిన రోజు బాపట్ల పోదామన్నదెవరు?"

నేనే. మా చెల్లి కొడుకు పుట్టినరోజు. కుక్కకి వచ్చే వారం వేయించొచ్చులే అన్నదీ నేనే.

మరి ఆ తర్వాత ఇన్ని నెలలు ఈయనేం చేశారు? అడిగాను. కానీ ముందులా గట్టిగా కాదు. నామీద నాకే ఒళ్లు మండుతోంది.

జులై 11, శుక్రవారం

వెధవ. గొలుసు ఎంతవరకు అందితే అంతవరకు లాక్కొచ్చి బకెట్టు బోర్లించాడు. నేను స్కూలుకి కట్టుకెళ్లే ఉతికిన చీర బురదలో తొక్కాడు. కర్ర తీశాను.

"కొట్టకే అమ్మాయ్... అల్లరి చేస్తున్నాడంటే బాగున్నట్టేగా" — కిటికీలోంచి అత్తయ్య.

కర్ర దించాను. ఆవిడ మీద ఇంకా కోపం వచ్చింది.

జులై 12

చీర మరక పోలేదు.

జులై 13, ఆదివారం

అత్తయ్యకి మూడోది వేయించాం. తిరిగొచ్చేసరికి పొద్దున పెట్టిన పెరుగన్నం గిన్నెలో అలాగే ఉంది. చంటిగాడు మూల పడుకుని ఉన్నాడు. "ముసురు కదా, అందుకే" అన్నారు ఆయన. అంటూనే ఫోన్ తీశారు. పశువుల డాక్టరు రేపు పొద్దున్నే వస్తానన్నారు, దగ్గరికి పోవద్దన్నారు. ఆసుపత్రికీ చెప్పాం. ఇంజెక్షన్లు ఆపొద్దన్నారు.

అత్తయ్య వాడి దగ్గరికి పోతానంటుంది. తలుపుకి అడ్డంగా నిలబడి అరిచాను. ఎందుకు దాచారండీ, ఎందుకు? "వాడు కావాలని కరవలేదే..."  భయంగా ఉంది. ఈవిడకేమన్నా అయితే...

నా కొత్త చెప్పులు విడిచి, కర్రతో వాడి ముందుకి నెట్టాను. తీసుకుపోరా. కొరుకు. పట్టీలు తెంపు. ఏమీ అనను.

చూశాడు. తల అటు తిప్పుకున్నాడు.

చెప్పులు అక్కడే వానకి తడుస్తున్నాయి.