ఎడమ పక్క మిషను

మార్చి 4
బ్యాంకు మేడం గౌను గుడ్డ కత్తిరిస్తూ, పక్కనే పరిచిన టీచరు గారి సిల్కు కూడా కోసేశాను. కనబడితే కదా! మా అమ్మాయి లబోదిబోమంది. కళ్ళెక్కడ పెట్టుకున్నావని మా ఆయన అరిచారు. ముప్పై ఏళ్ళ కత్తెర. సిగ్గుతో చచ్చాను.

మార్చి 5
రాయాలన్నా భయంగా ఉంది. ఎడమ పక్క మిషను దగ్గర అక్క కూర్చుంది. మెడలో టేపు. తల తిప్పితే లేదు. ఈ షాపు ఇద్దరం కలిసి పెట్టాం. అక్క పోయి ఏడాది దాటింది.

మార్చి 11
మళ్ళీ వచ్చింది.

మార్చి 19
కళ్ళ పరీక్ష. చుక్క కనబడినప్పుడల్లా బటన్ నొక్కాలి. అన్నీ నొక్కాననే అనుకున్నా. పక్కల్లో వచ్చినవి ఒక్కటీ నొక్కలేదట. వెంటనే స్కాన్ తీశారు. మెదడు అడుగున ఉండే పిట్యూటరీ గ్రంథి పక్కన గడ్డ. అరుదైన రకం, క్యాన్సర్ కాదు, కానీ కళ్ళ నరాల్ని నొక్కేస్తోంది. ముక్కులోంచి తీస్తారట. బిందెడు నీళ్ళు తాగుతున్నది కూడా దాని వల్లేనట. నేను ఎండల్ని తిట్టుకున్నాను.

అక్క సంగతి డాక్టరు గారికి చెప్పేశాను. చూపు పోయిన చోట మెదడు తనకు తోచిన బొమ్మ పెట్టుకుంటుందన్నారు. చూపొస్తే పోతుందా అని అడిగాను. పోతుంది, భయపడకండి అన్నారు.

నేను అడిగింది ఆ భయంతో కాదు.

మార్చి 27
ఆర్డర్లున్నాయని వంక పెట్టి ఆపరేషన్ వాయిదా వేయమన్నాను. ఆలస్యమైతే చూపు మొత్తం పోతుందట. కొరివితో తల గోక్కుంటావా అని మా ఆయన మండిపడ్డారు. కోసేసిన సిల్కు మడత పెడుతూ అమ్మాయి ఏడ్చింది. సరే అన్నాను.

అక్కకి చెప్పాను. వినిపించుకోకుండా మిషను తొక్కుతూనే ఉంది. చప్పుడు లేదు.

ఏప్రిల్ 9
ముక్కు నిండా దూది. బతికే ఉన్నాను.

మే 2
షాపుకొచ్చాను. అంచు నుంచి అంచు దాకా గుడ్డంతా కనబడుతోంది. ఎడమ పక్క మిషనూ కనబడుతోంది. మీద కవరు. కుర్చీ ఖాళీ.

ఆ గ్రంథి దెబ్బతిందట, జన్మంతా మాత్రలు మింగాలి. గడ్డలో నరానికి అతుక్కున్న చిన్న ముక్కని వదిలేశారు, గీకితే చూపు పోతుందని. మళ్ళీ పక్కలు మసకబారితే ఆ రోజే ఫోన్ చెయ్యమని డాక్టరు గారు రెండుసార్లు చెప్పారు. ఇంట్లో అందరికీ సంతోషం. నాకూ సంతోషమే. అక్కని రెండోసారి సాగనంపానని ఎవరితో చెప్పుకోను?

నవంబర్ 16
పొద్దుటి నుంచి ఎడమ వైపు మసక. అక్క కవరు తీసి కూర్చుంది.

ఫోన్ చెయ్యాలి. రేపు చేస్తాను.