యోహానుకు చదవని పేజీ

గురజాల, గురువారం రాత్రి.

యోహానుకిచ్చిన మాట తప్పి పద్దెనిమిదేళ్లయింది. ఇద్దరం ఒకే బడిలో పంతుళ్లం. బౌద్ధులవి, సూఫీలవి, గ్రీకులవి, నచ్చిన మాటలన్నీ ఒకే నోట్‌బుక్‌లో ఎత్తి రాసుకునేవాళ్లం. ముందు పోయినవాడి శవం దగ్గర రెండోవాడు అందులోంచి ఒక పేజీ చదవాలనుకున్నాం. ముందు అతనే పోయాడు. చర్చిలో పాస్టరు నాకు అవకాశమివ్వలేదని ఇన్నాళ్లూ ఈ డైరీల్లో ఆయన్ని తిట్టిపోస్తూనే ఉన్నాను.

ఇవాళ బస్టాండులో యోహాను భార్య మరియమ్మ కనిపిస్తే, ఆమె ముందూ అదే తిట్టు అందుకున్నాను.

"ఆయన్నెందుకంటావు అన్నయ్యా? నువ్వు చదువుతావని నేనే చెప్పి ఉంచా. రెండుసార్లు నీ వంక చూశాడు గూడా. నువ్వేందో పుస్తకం చంకలో పెట్టుకొని కాళ్లు చూసుకుంటా నిలబడితివి," అంది. పైగా నవ్వింది. "అంత చదివినోడివి, ఒక్క పేజీ చదవలేకపోతివే!"

ఆయన చూడటం నాకూ గుర్తే. గుమ్మం బయట మా కులపోళ్లు నిలబడి ఉన్నారు. చర్చిలో లేచి చదివితే రేపు ఊళ్లో ఏమంటారోనని పుస్తకం చంకలోంచి తీయలేదు. భయాన్ని గెలవడం గురించే మేం పదకొండు పేజీలు ఎత్తి రాసుకున్నాం. ఒక్క ముక్కా అక్కరకు రాలేదు.

ఇక పాస్టరును తిట్టడానికి లేదు. పడుకోబుద్ధి కాక నోట్‌బుక్ తీశాను. అట్ట మీద మా ఇద్దరి పేర్లూ ఉన్నాయి. యోహాను పేరు సగం చెరిగిపోయింది. రెండోది చెక్కుచెదరలేదు. కె. సుబ్బారావు, తెలుగు పండిట్. నేను ఇంకా క్షమించలేనిది వీణ్నే.